మ్యూజియంలో నకలు, ఊళ్ళో గునపం

"చూశారా! మన దేవిడీ ఇక్కడ ఏసీలో చల్లగా కూర్చుంది. వానకు నానదు, ఎండకు పగలదు. ఇంక ఊళ్ళో ఆ శిథిలం దేనికి?"

సర్పంచ్ లఖ్మీర్ సింగ్ ఈ మాట అన్నది మ్యూజియం మూడో హాల్లో, ఊరి జనం ముందు. బస్సీ ధేర్ నుంచి ట్రాక్టర్ ట్రాలీల నిండా జనాన్ని ఎక్కించుకుని మరీ తీసుకొచ్చాడు ఈ ఒక్క ముక్క అనడానికి. ఆడవాళ్ళు చున్నీలు సర్దుకుని నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఎదురుగా వాళ్ళ ఊరి గురుద్వారా పాత దేవిడీ. అదే ముఖద్వారపు వంపు, దాని మీద అదే పైగది, గోడల మీద అవే నెమళ్ళ బొమ్మలు, అదే గుర్రపు రౌతు. కాకపోతే అంతా ఫైబర్. చిన్న ఇటుకల మధ్య సున్నం రాలిన సందులను కూడా రంగుతో గీశారు. పగుళ్ళనూ గీశారు. వేలితో కొడితే ఖాళీ డబ్బాలా మోగుతుంది.

ఆ హాల్లో కాపలా నిలబడేవాడు నిధాన్ సింగ్. అతనిదీ బస్సీ ధేరే. కాపలావాళ్ళు సందర్శకులతో మాట్లాడకూడదని అక్కడ నియమం. 'ముట్టుకోకండి' అన్న ఒక్క మాటకే అనుమతి. నిధాన్ సింగ్ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆ నియమం తప్పలేదు. ఆ రోజు తప్పాడు.

"శిథిలం మీ ఇంట్లో ఉంది సర్పంచ్ సాబ్, మీ బుర్రలో. దేవిడీ నిలబడే ఉంది."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. లఖ్మీర్ సింగ్ మెల్లగా వెనక్కి తిరిగాడు.

"అరె, నిధాన్ సింగ్! నువ్విక్కడున్నావా? యూనిఫాంలో గుర్తుపట్టలేదు. ఈ బొమ్మను కాపలా కాస్తున్నావుగా, కాసుకో. అసలు దాని సంగతి మేం చూసుకుంటాం."

"ఏం చూసుకుంటారు?"

"భక్తుల శ్రమదానంతో గురుద్వారాలు కట్టించే కార్ సేవ బాబాగారు ఒప్పుకున్నారు. పాలరాతి దేవిడీ. పైన బంగారు పూత గుమ్మటం. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ ఉండదు."

"మరి పాతది?"

"పాతది ఇదిగో," అని లఖ్మీర్ సింగ్ ఫైబర్ గోడను అరచేత్తో తట్టాడు. అది బోలుగా మోగింది. 'ముట్టుకోకండి' అనాలన్న సంగతి నిధాన్ సింగ్‌కు తట్టనే లేదు.

ఇక్కడే అసలు దరిద్రం ఉంది. నాలుగేళ్ళ కిందట మ్యూజియంవాళ్ళు కొలతలు తీసుకోవడానికి ఊరికొచ్చినప్పుడు ఊరంతా వాళ్ళకు లస్సీ పోసింది, మక్కీ రొట్టెలు పెట్టింది, నిచ్చెనలు పట్టుకుంది. మన దేవిడీ మ్యూజియంలో పెడతారట అని మురిసిపోయింది. మ్యూజియంలో పెట్టుకున్నారు కాబట్టి ఊళ్ళోది కూలగొట్టొచ్చు అని ఎవరైనా అనుకుంటారా? బస్సీ ధేర్ అనుకుంది. నకలు భద్రంగా ఉంది కనుక అసలుకు గునపం వేస్తోంది. అదీ కోపంతో కాదు, దురాశతో కాదు, భక్తితో. స్నానం చేసి, తలకు కొత్త గుడ్డ చుట్టుకుని, వాహెగురు వాహెగురు అనుకుంటూ తట్టలు మోయడానికి సిద్ధపడింది. దొంగ వస్తే తరిమికొట్టొచ్చు. దండం పెట్టుకుంటూ వచ్చేవాణ్ణి ఏం చేస్తావు?

నిధాన్ సింగ్‌కు మ్యూజియం మీద కోపం లేదు. నిజానికి ఆ కట్టడంలో కొంత అతని చెమట ఉంది. పట్నం అవతల బీడు కొండ మీద అది లేచేటప్పుడు కూలికి వెళ్ళి కాంక్రీటు మోశాడు. చుట్టూ నీళ్ళు, నీళ్ళ మధ్య గోధుమరంగు రాయి తొడిగిన గోడలు, వాటి మీద ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ బోర్లించిన డాళ్ళలాంటి కప్పులు. మొదటి కప్పు పోసిన రోజు కూలీలందరికీ బెల్లం పంచారు. చెక్కలు ఊడదీసినప్పుడు లోపల కాంక్రీటు మీద ఆ చెక్కల గీతలు అచ్చుపడి కనిపించాయి. పూత పూయలేదు, అలాగే వదిలేశారు. అది అతనికి నచ్చింది. కాంక్రీటు కాంక్రీటులాగే ఉంది, ఇటుకనని బుకాయించలేదు. హాల్లో నిలబడి విసుగు పుట్టినప్పుడల్లా తలెత్తి ఆ కప్పు చూసేవాడు. ఆ కప్పు కింద ఫైబర్ దేవిడీ చూస్తే మాత్రం, పెద్దమనిషి పక్కన పగటివేషగాడు కూర్చున్నట్టు అనిపించేది.

అతను పుట్టింది ఊరికి పడమటి కొసన, కూలీల వాడలో. తండ్రి మేహర్ సింగ్ ఆ దేవిడీ ఊడ్చేవాడు. వానలకు గచ్చు లేచిపోతే గానుగ సున్నంలో మినప్పిండి, బెల్లం నీళ్ళు కలిపి అతుకు వేసేవాడు. పైగది మెట్ల మీద కూర్చోబెట్టి కొడుక్కి గురుముఖి అక్షరాలు నేర్పాడు. సగమే నేర్పాడు, అంతలో పోయాడు. మిగతా సగం నిధాన్ సింగ్ ఫౌజులో నేర్చుకున్నాడు, అదీ అంతంత మాత్రమే. సిపాయిగా చేరి నాయక్‌గా దిగాడు. తర్వాత కొన్నాళ్ళు లారీ తోలాడు, నడుం పట్టేసి మానేశాడు. ఇద్దరు కూతుళ్ళకు పెళ్ళిళ్ళు చేశాడు. మనిషి కోపిష్టి. ఫౌజులో ఒకసారి మేజర్‌తో వాదించి శిక్ష తిన్నాడు. ఊళ్ళో పొలాల కాలువ గొడవలో లఖ్మీర్ సింగ్ తండ్రితో వాదించి మాట పడ్డాడు. భార్య బచింత్ కౌర్ అనేది: "మీ నోరు మూసుకుని ఉంటే ఈపాటికి సుబేదార్ అయ్యేవారు." "నోరు మూసుకుంటే నేను గోడనయ్యేవాణ్ణి," అనేవాడు.

ట్రాలీలు వెళ్ళిపోయాక నిధాన్ సింగ్ నేరుగా క్యూరేటర్ గదికి వెళ్ళాడు. క్యూరేటర్ సహగల్ మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. నిధాన్ సింగ్ కూర్చోలేదు.

"సాబ్, మా ఊళ్ళో దేవిడీ పడగొడుతున్నారు. మీరొక మాట చెబితే ఆగుతుంది. మ్యూజియంవాళ్ళంటే గౌరవం ఉంది."

"అయ్యో," అన్నాడు సహగల్. నిజంగానే బాధపడ్డాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చాలా విచారించదగ్గ విషయం. కానీ అది గురుద్వారా ఆస్తి కదా, మేం ఎలా జోక్యం చేసుకుంటాం? అయితే ఒక సంగతి. మేం అంతా స్కాన్ చేసుకున్నాం, అణువణువూ ఉంది మా దగ్గర. పోయేదేం లేదు."

"పోయేదేం లేదా?"

"ఇంకో మాట. మీరు ఊరివారు కాబట్టి అడుగుతున్నా. పడగొట్టేటప్పుడు ఆ గుర్రపు రౌతు బొమ్మ ఉన్న గచ్చు ముక్కను పదిలంగా ఊడదీయించగలరా? ఒక్కటైనా అసలుది హాల్లో ఉంటే దాని విలువే వేరు."

నిధాన్ సింగ్ తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"సాబ్, మీ నాన్నగారున్నారా?"

"ఉన్నారు. ఎందుకు?"

"ఫోటో తీసి పెట్టుకోండి. మనిషి పోయినా పోయేదేం ఉండదు. కావాలంటే ఒక చెవి కోసి దాచుకోండి."

తలుపు వేయకుండానే బయటికొచ్చేశాడు.

సాయంత్రం ఊరు చేరేసరికి జరగాల్సింది జరిగిపోయింది. మ్యూజియం నుంచి ట్రాలీలు నేరుగా గురుద్వారాకు వెళ్ళాయి. అందరూ లేచి నిలబడి చేతులు జోడించారు, కార్ సేవకు అర్దాస్ చేసేశారు. ఆదివారం పొద్దున మొదటి దెబ్బ. గురువు ముందు ప్రార్థన చేసి ఒప్పుకున్న పనిని వెనక్కి తీసుకుందామనడానికి ఆ ఊళ్ళో ఎవరికీ నోరు రాదు. లఖ్మీర్ సింగ్‌కు అది బాగా తెలుసు. అందుకే పంచాయతీ పెట్టలేదు, వాదన పెట్టలేదు, ముందు అర్దాస్ పెట్టాడు. దారి పక్కన పాలరాతి పలకలు అప్పుడే దిగి ఉన్నాయి. ఒక్కో పలక మీద దాత పేరు, అతని తండ్రి పేరు, ఊరి పేరు నల్లగా చెక్కి ఉన్నాయి. మొదటి పలక మీద లఖ్మీర్ సింగ్ పేరే. పాత దేవిడీలో ఎంత వెతికినా ఒక్క పేరు దొరకదు. కట్టినవాడిది లేదు, కట్టించినవాడిది లేదు, బొమ్మ గీసినవాడిది లేదు. అదీ కొత్తవాళ్ళకు మింగుడుపడనిది.

"అన్నం తినండి," అంది బచింత్ కౌర్.

"ఆకలి లేదు."

"దేవిడీ మీద అలిగి అన్నం మానేస్తే దేవిడీకి ఏం నష్టం? ఊరంతా ఒకటి, మీరొక్కరూ ఒకటి. రేపు నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు నన్ను నిలువునా కాల్చేస్తారు, మీ ఆయన గురుద్వారా పనికి అడ్డం పడ్డాడని."

"గురుద్వారా పనికి కాదు, గురుద్వారా కూల్చే పనికి."

"అదే మాట వాళ్ళతో మీరే చెప్పుకోండి. నాకు చెబితే పప్పు ఉడకదు."

మంచం మీద పడుకున్నాడు కానీ లోపల కుతకుత ఉడుకుతూనే ఉన్నాడు. పోలీసులా? నవ్వుతారు. కోర్టా? ఆదివారం లోపల ఏ కోర్టు? దేవిడీ ముందు అడ్డంగా పడుకుంటే? లేవనెత్తి పక్కన పెడతారు, వాహెగురు అంటూ. మనుషులు అడ్డం పడితే ఆగరు వీళ్ళు. వీళ్ళు ఆగేది ఒక్కరి ముందే.

ఆ ఆలోచన రాగానే లేచి కూర్చున్నాడు.

శనివారం తెల్లవారగానే తలస్నానం చేసి, గురుద్వారాలో గ్రంథం చదివే గ్రంథీ దగ్గరికి వెళ్ళాడు. గ్రంథీ మెత్తని మనిషి, సర్పంచ్ అంటే భయం, గురువంటే ఇంకా ఎక్కువ భయం.

"జ్ఞానీజీ, సహజ్ పాఠ్ పెట్టుకుందామనుకుంటున్నా. నేనే చదువుకుంటా."

"మంచిది, చాలా మంచిది. ఇంట్లోనేనా?"

"మా ఇల్లు ఇరుకు. దేవిడీ పైగదిలో."

గ్రంథీ చేతిలో వింజామర ఆగిపోయింది. అఖండ పాఠ్ అయితే గ్రంథాన్ని మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా చదివి మూడో రోజుకు ముగించేస్తారు. సహజ్ పాఠ్‌కు గడువు లేదు. చదివేవాడి ఓపిక, తీరిక. కొందరికి నెల పడుతుంది, కొందరికి ఏడాది. అంతవరకూ గురు గ్రంథ్ సాహిబ్ అక్కడే కొలువై ఉంటుంది. ఆ గ్రంథమే వాళ్ళకు గురువు. గురువు కొలువై ఉన్న గదికి ఎవడు సుత్తి ఎత్తుతాడు?

"నిధాన్ సింగ్," అన్నాడు గ్రంథీ గొంతు తగ్గించి, "గురువును అడ్డం పెట్టుకుంటున్నావా?"

"నేను గురువు పాదాల దగ్గర కూర్చుంటానంటున్నా. అది అడ్డమైతే, ఆ దారిన వచ్చేవాడి తప్పు. కాదంటే చెప్పండి, పాఠ్ పెట్టుకుంటానంటే జ్ఞానీజీ వద్దన్నారని నలుగురికీ చెప్పుకుంటా."

పాఠ్ అడిగినవాణ్ణి కాదనడం ఏ గ్రంథీ వల్ల అవుతుంది? పైగది ఊడ్చి, కడిగి, చాందినీ కట్టారు. గ్రంథీ తల మీద పెట్టుకుని గురు గ్రంథ్ సాహిబ్‌ను మెట్లెక్కించాడు. ముందు నీళ్ళు చల్లుకుంటూ నడిచింది బచింత్ కౌర్. మొహం మాత్రం ముడుచుకునే ఉంది.

ఆదివారం పొద్దున జనం వచ్చారు. గునపాలు, సుత్తులు, తట్టలు. నీలి తలపాగాల్లో బాబాగారి మనుషులు. వంపు కింద అడుగు పెట్టబోయి పైనుంచి గొంతు విని ఆగారు. నిధాన్ సింగ్ చదువుతున్నాడు. చదవడమా అది! ఒక్కో అక్షరం తడుముకుంటూ, కలుపుకుంటూ, తప్పితే మళ్ళీ మొదటికొస్తూ, కొత్త పిల్లాడు సైకిల్ తొక్కినట్టు. కానీ చదువుతున్నాడు. ముందున్నవాడు గునపం కింద పెట్టాడు, చెప్పులు విప్పాడు. వాడి వెనక అందరూ విప్పారు. వరసగా మెట్లెక్కి, నుదురు నేలకానించి దండం పెట్టి, ఉన్న చోట సర్దుకుని కూర్చున్నారు. కూల్చడానికి వచ్చినవాళ్ళు గోడకు ఆనుకుని, నెమళ్ళ కింద కూర్చుని బుద్ధిగా విన్నారు.

లఖ్మీర్ సింగ్ కూడా దండం పెట్టాడు, పెట్టక ఏం చేస్తాడు? పాఠ్ ఆనాటికి ఆపాక మెట్ల కింద పట్టుకున్నాడు.

"ఏం నాటకం ఇది?"

"పాఠ్‌ను నాటకం అంటున్నావా సర్పంచ్ సాబ్? నలుగురున్నారు, చూసి మాట్లాడు."

"నీకు చదవడం వచ్చా అసలు? లైనుకు మూడు చోట్ల పడుతున్నావు!"

"పడతాను. లేస్తాను. గురువుకు తొందర లేదు."

"భోగ్ ఎప్పుడు?"

"పాఠ్ పూర్తయినప్పుడు."

"అదెప్పుడు?"

"నా చదువు నీకు తెలుసుగా."

ఎవడో నవ్వాడు. లఖ్మీర్ సింగ్ మెడ మీద నరం లేచింది. కానీ తెలివైనవాడు. వారం తిరక్కుండా పట్నం నుంచి ఇద్దరు పాఠీలను దించాడు. అఖండ పాఠ్‌లు చేసి చేసి నాలుక యంత్రంలా తిరిగేవాళ్ళు. పాఠ్‌లో మేమూ పాలుపంచుకుంటాం, సేవ అంటూ వచ్చారు. సేవకు వచ్చినవాణ్ణి పొమ్మనడానికి లేదు. నిధాన్ సింగ్ పళ్ళు బిగించి జరిగాడు. వింజామర పట్టుకుని నిలబడి, తను ఇన్నాళ్ళూ చదివినదాన్ని వాళ్ళు ఒక పూటలో దాటిపోవడం చూశాడు.

"కొంచెం నెమ్మదిగా చదువు నాయనా. చెవిన పడాలి కదా."

"చాచా, నన్నేం చేయమంటారు? సర్పంచ్ సాబ్ ఊరికే ఫోన్ చేస్తున్నారు, ఎంతవరకు వచ్చిందని."

అంటే, గురువు మాట కూడా గుర్రప్పందెం అయిపోయింది. బొమ్మలున్న గోడకు సున్నం అతుకు వేయడానికి ఎవడికీ తీరిక లేదు కానీ, గోడ కూల్చడం కోసం పాఠ్ పరుగెత్తించడానికి పట్నం నుంచి మనుషులొస్తారు.

ఈ మధ్యలో సహగల్ వచ్చాడు. తలకు జేబురుమాలు కట్టుకుని, కెమెరావాణ్ణి వెంటబెట్టుకుని. పైగదిలో ఒక మూల చాలాసేపు నిలబడ్డాడు. నిధాన్ సింగ్ కిందికి దిగగానే చేతులు పట్టుకున్నాడు.

"అద్భుతం, నిధాన్ సింగ్‌జీ! పాత గోడలు, పాఠ్, మీరు. మన హాల్లో నకలు పక్కన పెద్ద తెర మీద దీన్ని నడిపిస్తాం. జనం ఏడుస్తారు."

"ఏడ్చి?"

"అంటే?"

"ఏడ్చి ఏం చేస్తారంటున్నా. బయటికొచ్చి ఐస్‌క్రీం తింటారు. సాబ్, ఇది పడకుండా ఆపడానికి ఒక కాగితం రాయమంటే మీకు చెయ్యి రాలేదు. పడే ముందు సినిమా తీయడానికి మాత్రం మనుషులు దొరికారు. అంతగా కావాలంటే నన్ను కూడా ఫైబర్‌తో చేయించుకోండి. టిఫిన్ డబ్బా అడగను, సెలవు అడగను, నోరెత్తను. నాకంటే మంచి కాపలావాడు."

"మీరు మ్యూజియం ఉద్యోగి. ఆ సంగతి మరిచిపోతున్నారు."

"మీరూ ఉద్యోగే. దేనికి ఉద్యోగో మరిచిపోయింది మీరు."

మర్నాడు గేటు దగ్గర అతని కార్డు తీసేసుకున్నారు. బస్సు కోసం నిలబడి ఒకసారి వెనక్కి చూశాడు. ఎండలో డాళ్ళ కప్పులు మెరుస్తున్నాయి. కట్టడం తప్పేం లేదు. దాంట్లో కూర్చున్నవాళ్ళతోనే వచ్చింది గొడవ.

ఉద్యోగం పోయిందని చెబితే బచింత్ కౌర్ తిడుతుందనుకున్నాడు. ఆమె పిండి కలుపుతూ ఒక్కటే అడిగింది: "పాఠ్ ఎంతవరకు వచ్చింది?"

"ఈ ఆదివారానికి అయిపోతుంది. ఆ ఇద్దరూ వదిలేలా లేరు."

ఆమె పిండిని ఎవరి మీదో కసి ఉన్నట్టు గుద్దింది.

భోగ్ రోజు ఊరంతా వచ్చింది. కింద పెద్ద మూకుడులో కడాహ్ ప్రసాదం నెయ్యి తేలుతూ ఉడుకుతోంది. దాని పక్కనే గోడకు గునపాలు చేరేసి ఉన్నాయి. ట్రాక్టర్లు ఇంజన్ ఆపకుండా రోడ్డు మీద నిలబడ్డాయి. ప్రసాదం చేతిలో పడగానే పని మొదలుపెట్టాలన్నది లఖ్మీర్ సింగ్ ఏర్పాటు. చివరి పుటలు తానే చదువుతానని నిధాన్ సింగ్ పట్టుబట్టాడు. ఎంత నెమ్మదిగా చదివినా పుటలు పుటలే, అయిపోయాయి. చివరి పంక్తి చదివి తలెత్తాడు. తండ్రి అతుకులు వేసిన గచ్చు ఎదురుగానే ఉంది. ఇంక తన దగ్గర ఏమీ లేదు.

అర్దాస్‌కు అందరూ లేచారు. గ్రంథీ చేతులు జోడించి మొదలుపెట్టబోయాడు.

"జ్ఞానీజీ, ఒక్క మాట." ఆడవాళ్ళ వైపు నుంచి బచింత్ కౌర్. "ఈ అర్దాస్‌లో నాదీ కలపండి. ఈ పాఠ్ ముగిసిన చోటే ఇంకో సహజ్ పాఠ్. మొక్కుకున్నాను."

నిధాన్ సింగ్ భార్య వంక చూశాడు. ఆమె చూడలేదు.

లఖ్మీర్ సింగ్ గురువు ఎదుట ఉన్నానన్న సంగతి మరిచిపోయి అరిచాడు: "మళ్ళీ నీ మొగుడేనా చదివేది?"

"ఆయన వంతు అయిపోయింది. నేను చదువుతా."

"నువ్వా! నీకు మొదటి అక్షరం కూడా రాదు కదా బీబీ! రేషన్ షాపులో వేలిముద్ర వేస్తావు!"

"రాదు," అంది బచింత్ కౌర్. "నేర్చుకుంటా. ఆయన నేర్పుతారు. నేర్చుకున్నంతా చదువుతా, చదివినంతా నేర్చుకుంటా. ఏ వయసులో మొదలుపెట్టినా గురువు కాదనడు కదా, జ్ఞానీజీ?"

"కాదనడు," అన్నాడు గ్రంథీ. సర్పంచ్ వైపు చూడకుండా అన్నాడు.

"ఇంకొకరు చదువుతామంటే?" లఖ్మీర్ సింగ్ ఆ పట్నం పాఠీల కోసం చుట్టూ వెతికాడు.

"రమ్మనండి. నా పక్కన కూర్చోబెట్టుకుని ముందు నాకు నేర్పమంటా. అదీ సేవే కదా సర్పంచ్ సాబ్?"

వెనకనుంచి ఒక ముసలామె ఫక్కున నవ్వింది. ఆ నవ్వు పక్కామెకు అంటుకుంది, అక్కడి నుంచి మగవాళ్ళ వైపుకూ పాకింది. గ్రంథీ కళ్ళు మూసుకుని అర్దాస్ మొదలుపెట్టాడు, బచింత్ కౌర్ పేరు చేర్చాడు. చేతులు జోడించి తల వంచక లఖ్మీర్ సింగ్‌కు తప్పలేదు.

ప్రసాదం తిన్నారు. గునపాలు మళ్ళీ ట్రాలీలెక్కాయి. "ఎన్ని పాఠ్‌లు పెడతారో చూస్తా, మీరిద్దరూ చిరంజీవులు కారు!" అని లఖ్మీర్ సింగ్ ట్రాక్టర్ మీదినుంచి అరుస్తూ పోయాడు. నిజమే, కారు. ఆ మాట నిధాన్ సింగ్ గుండెలో ముల్లులా దిగింది. దారి పక్కన పాలరాతి పలకలు పేర్లతో సహా అలాగే పడి ఉన్నాయి, వాటికి మాత్రం ఓపిక ఎక్కువ.

మధ్యాహ్నం పైగదిలో మొగుడూ పెళ్ళాలు పక్కపక్కన కూర్చున్నారు. అతను మొదటి అక్షరం మీద వేలు పెట్టబోయి, వేలు పెట్టకూడదని తీసేసుకుని, దూరం నుంచి చూపించాడు.

"ఇది ఏక్ ఓంకార్."

"అది నాకు తెలుసు," అంది కసురుకుంటూ. "పుట్టినప్పటి నుంచీ వింటున్నా. తర్వాతది చెప్పండి."